హాస్టలు గోడ పగులుకు వేసవిలో ఒక లెక్క, వానల్లో ఒక లెక్క

శ్లాబు పెచ్చులూడాక కాదు, ముందే తనిఖీ జరగాలి - మరమ్మతు ఖర్చు మంచానికి ఇంత అని తేలాలి

మంగళగిరి:

ఈ వూరి గాలిగోపురాన్ని చూడకుండా బెజవాడ, గుంటూరు మధ్య తిరిగినవారు వుండరు. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించారు. కట్టడం పూర్తయ్యాక గోపురం ఒక పక్కకు ఒరిగిందనీ, కంచి స్థపతులు వచ్చి ఎదురుగా కోనేరు తవ్వించమన్నారనీ, తవ్వాక గోపురం నిటారుగా నిలిచిందనీ పెద్దలు చెబుతారు. ఇందులో కథ ఎంతో, నిజం ఎంతో ఎవరి నమ్మకం వారిది. అయితే ఒక్క మాట మాత్రం ఏ ఇంజనీరూ కాదనడు. పైన కట్టడం సంగతి తెలియాలంటే ముందు కింద నేల సంగతి, నీటి సంగతి చూడాలి.

ఆ మాట ఇప్పుడు ఈ ప్రాంతంలోని విద్యార్థుల వసతి గృహాలకు అన్వయించుకోవలసి వుంది.

మంగళగిరి నుంచి గుంటూరు వైపు జాతీయ రహదారి మీద కాజ దాటితే నాగార్జున నగర్ వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో పెట్టిన పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం పెరిగి పెద్దదై 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. ఆ ఏడాది సెప్టెంబరు 11న నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభోత్సవం చేశారు. 2004లో పేరు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంగా మారింది. 1976 నుంచి లెక్క కడితే 2026కు యాభై ఏళ్లు.

మనిషికి యాభై ఏళ్లు వచ్చాయంటే బి.పి., షుగరు చూపించుకొమ్మని ఇంట్లోవాళ్లు పోరుతారు. భవనం విషయంలో ఆ పోరే మనిషి వుండడు. పెచ్చు రాలి పక్కమీద పడిన రోజునే అది అందరికీ గుర్తుకు వస్తుంది.

మంచం లేకపోతే సీటు లేదు

హాస్టలు అనగానే అది చదువుకు తోక వంటిదని చాలామంది అనుకుంటారు. పల్లెల నుంచి వచ్చే పిల్లల విషయంలో అది తోక కాదు, తల. పల్నాటి మెట్ట నుంచి, దివిసీమ లంకల నుంచి, ఒంగోలు పక్క వూళ్ల నుంచి వచ్చి ఎం.ఎ., ఎమ్మెస్సీ చదివే వారిలో ఎక్కువ మందికి ప్రవేశ పరీక్షలో ర్యాంకు వస్తే సరిపోదు. హాస్టలులో మంచం దొరికితేనే ఆ సీటు నిలుస్తుంది. బయట అద్దె గది తీసుకోవాలంటే అడ్వాన్సు, కరెంటు, కిరాణా అన్నీ కలిసి కూలి చేసుకునే తండ్రి నడుం వంచుతాయి. ఆడపిల్ల అయితే హాస్టలులో చోటు లేదన్న ఒక్క కబురుతో చదువు ఆగి పెళ్లి మాటలు మొదలయ్యే ఇళ్లు ఈనాటికీ వున్నాయి.

అందుచేత ఒక హాస్టలు బ్లాకును మరమ్మతుల కోసం మూసివేయటం ఇంజనీరింగు విభాగం ఫైలులో ఒక నిర్ణయం కావచ్చు గాని, అది వంద ఇళ్లలో చదువు నిర్ణయం. మూయకుండా పెచ్చుల కింద పడుకోబెట్టటం అంతకన్నా తప్పు. ఈ రెండింటి మధ్య దారి ఒకటే. భవనం స్థితి ఏటా తెలుసుకుంటూ, చిన్న ఖర్చు చిన్నగా వున్నప్పుడే పెట్టటం.

రాష్ట్ర విభజన తరువాత ఈ చుట్టుపక్కల విద్యాసంస్థలు పెరిగాయి. నీరుకొండలో ఎస్.ఆర్.ఎం., ఐనవోలులో విట్ 2017లో మొదలయ్యాయి. వడ్డేశ్వరంలో కె.ఎల్. అంతకుముందు నుంచే వుంది. మంగళగిరి కొండ పక్కన ఎయిమ్స్ వచ్చింది. వేల మంది విద్యార్థులు ఈ పది, పదిహేను మైళ్లలో రాత్రి నిద్రపోతున్నారు. కొత్త భవనాలకు కూడా వయసు వస్తుంది. కాబట్టి ఈ లెక్క ఒక్క విశ్వవిద్యాలయానికి సంబంధించినది కాదు.

నల్లరేగడి చేసే పని

ఈ ప్రాంతంలో పొలం చేసినవారికి నల్లరేగడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. వానలకు వుబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. మే నెలలో చేను నెర్రెలిస్తే పిల్లవాడి చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. ఆ నేల మీద గోడ కడితే ఏడాదికి ఒకసారి అది గోడను ఎత్తి దించుతుంది. తక్కువ లోతు పునాదులయితే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు బయలుదేరుతాయి. వానాకాలంలో తలుపు బిగుసుకుంటుంది. వడ్రంగిని పిలిచి తలుపు చిత్రిక పట్టిస్తారు. రోగం తలుపులో లేదు, పునాదిలో వుంది.

దీనికి విరుగుడు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎన్నో ఏళ్ల క్రితమే చెప్పింది. నేలలోకి సన్నని కాంక్రీటు పైల్సు దించి, అడుగున గడ్డలాగా వెడల్పు చేస్తారు. వీటినే అండర్ రీమ్డ్ పైల్సు అంటారు. మామూలుగా మూడున్నర మీటర్ల లోతుకు పోతే అక్కడ ఎండకూ వానకూ నేల అంతగా కదలదు. అలాంటి పునాది వున్న భవనానికి పైన చెప్పిన బాధ తక్కువ. కాబట్టి తనిఖీకి వెళ్లేవారు మొదట అడగవలసింది పాత నకళ్లు. పునాది ఏ రకం, ఏ సంవత్సరంలో ఏ భాగం కట్టారు, తరువాత పైన అంతస్తు వేశారా అన్నది కాగితం మీద వుంటే సగం పని అయినట్టే.

ఇక్కడ ఒక కిటుకు వుంది. పగులు ఎంత వెడల్పు అన్నది చూసిన నెలను బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నోరు తెరిచిన పగులు సెప్టెంబరుకు దాదాపు మూసుకుపోతుంది. అదే శ్లాబు కారటం చూడాలంటే సెప్టెంబరులోనే చూడాలి, మే నెలలో పైకప్పు పొడిగా ముచ్చటగా వుంటుంది. జనవరిలో బడ్జెటు కోసం హడావుడిగా ఒక్క పూట తిరిగి రాసిన తనిఖీకి రెండూ కనిపించవు. ఏడాదికి రెండుసార్లు చూడాలి. వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి.

పగులు పెరుగుతున్నదా, ఆగిందా అన్నది తెలుసుకోవటానికి పాత పద్ధతి ఒకటి వుంది. పగులుకు అడ్డంగా చిన్న గాజు బద్దను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. పది రూపాయల పని. ఇది చేయకుండా ప్రతి వేసవిలో పగులులో సిమెంటు కూరి రంగు వేయటం వల్ల వచ్చే ఏడు మళ్లీ అదే పని, అదే బిల్లు.

నల్లరేగడిలో గోడకు మొదటి శత్రువు నీరు. గోడ వారగా పోసిన సిమెంటు చప్టా పగిలి వుండటం, స్నానాల గదుల నీరు పునాది పక్కనే నిలవటం, గోడకు ఆనుకుని పెద్ద చెట్టు పెరిగి వేళ్లతో తడి పీల్చటం - ఈ మూడూ సరిచేస్తే చాలా పగుళ్లు అక్కడికక్కడే ఆగుతాయి. కాలువ తీయించి, చప్టా వేయించటానికి అయ్యేది వేలల్లో. అది చేయక పునాదే బలపరచవలసి వస్తే అయ్యేది లక్షల్లో.

తుప్పు తినే శ్లాబు

హాస్టళ్లలో ఎక్కువ భయపెట్టేది పైకప్పు పెచ్చులు. దీనికి కారణం ఇనుము తుప్పు. మంచి కాంక్రీటులో సున్నపు గుణం వుంటుంది. అది లోపలి ఊచను కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు గాలి కాంక్రీటులోకి ఇంకి ఆ గుణాన్ని పోగొడుతుంది. అది ఊచ దాకా చేరి, దానికి చెమ్మ తోడయితే తుప్పు మొదలు. తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్ల దాకా వుబ్బుతుంది. ఆ వుబ్బుకు కింది కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది.

ఊచ మీద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు వుండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. సెంట్రింగు మీద ఊచ కింద పెట్టవలసిన సిమెంటు బిళ్ల పెట్టక, కంకర ముక్కతో సరిపెట్టిన చోట ఈ కప్పు సగం కూడా మిగలదు. కాంక్రీటు కలిపిన నీటిలో ఉప్పు వున్నా ఇదే గతి. ఊచలు వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. నాడు మేస్త్రి చేసిన ఈ చిన్న పొరపాటు ముప్పై, నలభై ఏళ్లకు విద్యార్థి నెత్తిన పడుతుంది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే పేద్ద రహస్యమేమీ లేదు. పైన ట్యాంకు పొంగి శ్లాబు మీద నిలిచిన నీరు, ఆకులతో పూడిన వాన గొట్టం, స్నానాల గది నేలలో లీకయ్యే పైపు, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క. ట్యాంకులో తేలే బంతి పాడయితే మార్చటానికి వందల్లో ఖర్చు. అది మార్చనందుకు కింద రెండు గదుల శ్లాబు పోతుంది.

డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో ఈ సంగతినే ఒక సూత్రంగా చెప్పాడు. కట్టేటప్పుడు ఒక రూపాయితో అయ్యే జాగ్రత్త తుప్పు మొదలుకాక ముందు అయిదు రూపాయలు, తుప్పు మొదలయ్యాక ఇరవై అయిదు, భవనం చెడిపోయాక నూట ఇరవై అయిదు రూపాయలు అడుగుతుందని దాని సారాంశం. అంకెలు ప్రతిచోటా అచ్చంగా ఇలాగే వుండకపోవచ్చు. వరస మాత్రం తప్పదు. మన పెద్దలు గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దన్నదీ ఇదే.

తట్టి చూసి, తరువాత మిషను పెట్టి

తనిఖీ అంటే వెంటనే ఖరీదయిన పరీక్షలే అని భయపడనక్కరలేదు. అనుభవం వున్న తాపీ మేస్త్రి చేతిలో చిన్న సుత్తి చాలు. శ్లాబు అడుగున, స్తంభాల మీద తట్టుకుంటూ పోతే గట్టిగా వున్న చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల చోట్లకు సుద్దతో గీత గీసి చదరపు మీటర్లు కొలిస్తే ఎంత మేర పోయిందో మొదటి అంచనా వస్తుంది.

అనుమానం వున్న చోటనే పరీక్షలు. ష్మిట్ సుత్తితో కాంక్రీటు పైపొర గట్టిదనం చూస్తారు. శబ్ద తరంగం కాంక్రీటు గుండా ఎంత వేగంగా పోతున్నదో ఇంకొక యంత్రం చెబుతుంది. సెకనుకు మూడున్నర కిలోమీటర్లు మించితే మంచిదిగా, మూడుకు తగ్గితే అనుమానించదగినదిగా 1992 నాటి భారతీయ ప్రమాణం లెక్కగట్టింది. కొత్తగా చెక్కిన చోట ఫినాఫ్తలీన్ మందు చల్లితే మంచి కాంక్రీటు గులాబి రంగుకు తిరుగుతుంది, గుణం పోయిన కాంక్రీటు రంగు మారదు. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలు వాడే మందే ఇది. ఇంకా సందేహం మిగిలితే కాంక్రీటులోంచి గుండ్రని ముక్క కోసి తీసి నలగగొట్టి చూస్తారు. మూడు ముక్కల సగటు బలం వుండవలసిన దానిలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్క ముక్కా 75 శాతానికి తగ్గకూడదు.

విశ్వవిద్యాలయాల్లో సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలు వుంటారు. తట్టి చూడటం, కొలవటం, పగుళ్లను నకలు మీద గుర్తించటం అధ్యాపకుల పర్యవేక్షణలో వారి చేత చేయించవచ్చు. తాము పడుకునే కప్పును తామే కొలిచిన విద్యార్థి రేపు ఇంకొకరికి కట్టే కప్పులో బిళ్ల పెట్టటం మరువడు.

ఎస్టిమేటు ఎందుకు పెరుగుతుంది?

పరిస్థితి తెలిశాక ఖర్చు లెక్క. ప్రభుత్వ పనుల్లో దీనికి ఒక బాట వుంది. ప్రతి పనినీ కొలుస్తారు. ప్లాస్టరింగు ఇన్ని చదరపు మీటర్లు, ఊచలు ఇన్ని కిలోలు, తలుపులు ఇన్ని. ఆ కొలతలకు ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం ధర వేస్తారు. ఇసుక, కంకర ఎంత దూరం నుంచి తేవాలో చూసి రవాణా కలుపుతారు. ఆ పైన 18 శాతం జి.ఎస్.టి., ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు పడతాయి. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు వచ్చాక టెండరు. పని జరిగినకొద్దీ ఎం బుక్కులో కొలతలు ఎక్కుతాయి, దాన్ని బట్టి బిల్లు.

ఈ బాటలో నడిచినా మరమ్మతు ఎస్టిమేటు మధ్యలో పెరగటం మామూలే. అందులో ప్రతిసారీ మోసమే వుంటుందనుకోనక్కరలేదు. కొత్త కట్టడంలో అంతా కాగితం మీద వుంటుంది. పాత భవనంలో సగం ప్లాస్టరింగు వెనుక దాగి వుంటుంది. పది చదరపు మీటర్ల పెచ్చు తీద్దామని మొదలుపెడితే లోపల ముప్పై మీటర్ల మేర ఊచలు ఎర్రగా వుంటాయి. కాంట్రాక్టరు పని ఆపుతాడు. అదనపు మంజూరుకు ఫైలు కదలాలి. ఈ లోగా వేసవి సెలవులు అయిపోయి పిల్లలు పెట్టెలతో దిగుతారు.

దీనికి వుపాయం టెండరు పిలవకముందే కొన్ని గదుల్లో ప్లాస్టరింగు విప్పి చూడటం. ట్యాంకు కింద ఒక గది, స్నానాల గది పక్కన ఒక గది, పొడిగా వుండే చోట ఒక గది. ఈ మూడు రకాల గదులు ఎన్ని వున్నాయో లెక్కబెట్టి గుణిస్తే వచ్చే అంకె వూహ కన్నా చాలా దగ్గరగా వుంటుంది.

ఎస్టిమేటులో రాయటం మరిచిపోయే పద్దులు కూడా వున్నాయి. పాత ప్లాస్టరింగు చెక్కించటం, ఆ చెత్తను లారీలో ఎత్తి బయట పోయించటం, బలహీనమయిన శ్లాబుకు సరుగుడు పోట్లు పెట్టించటం, ఎత్తు గోడలకు పరంజా కట్టించటం, వీటన్నిటికీ మించి పని జరిగినన్నాళ్లు విద్యార్థులకు వేరే చోట వసతి చూపటం. ఈ చివరిది రాయకపోతే అది విద్యార్థి తండ్రి జేబులోంచి పోతుంది.

మంచానికి ఎంత?

మొత్తం ఇన్ని కోట్లు అంటే సామాన్యుడికి అర్థం కాదు. మంచానికి ఇంత అంటే అర్థమవుతుంది.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దుందుభి, భీమ అనే కొత్త హాస్టళ్లను 2025 ఆగస్టులో ప్రారంభించారు. సుమారు 80 కోట్ల రూపాయలతో 1,200 మంది విద్యార్థులకు కట్టారు. అంటే ఒక్క విద్యార్థికి ఆరు లక్షల అరవై వేల పైచిలుకు. ఈ రోజున కొత్త మంచం వెల అది.

దాన్ని పట్టుకుని ఒక వుదాహరణ చూద్దాం. రెండు వందల మంది వుండే పాత బ్లాకు ఒకటి వుందనుకుందాం. దాన్ని పడగొట్టి కొత్తది కట్టాలంటే సుమారు 13 కోట్ల 30 లక్షలు. భవనాల విలువలో ఏటా 2 నుంచి 4 శాతం నిర్వహణకు, మరమ్మతులకు పెట్టాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1990లో సూచించింది. రెండు శాతం చొప్పున మన బ్లాకుకు ఏడాదికి 26 లక్షల 60 వేలు. మంచానికి 13 వేల 300. నెలకు 1,100 రూపాయల చిల్లర. ఇంత మొత్తం విద్యార్థి మీద వేయమని కాదు. ఇంత పెట్టకపోతే ఆ మేరకు భవనం అప్పు పడుతున్నదని తెలుసుకోవాలి. ఆ అప్పుకు కాగితం వుండదు, వడ్డీ మాత్రం వుంటుంది.

ఆ అప్పును కొలిచే పద్ధతి కూడా వుంది. అమెరికాలో కళాశాలల, విశ్వవిద్యాలయాల ఆర్థిక అధికారుల సంఘం 1991లో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. పేరుకుపోయిన మరమ్మతుల ఖర్చును కొత్తది కట్టే ఖర్చుతో భాగిస్తారు. అయిదు శాతం లోపు వస్తే భవనం బాగున్నట్టు. అయిదు నుంచి పది శాతం అయితే పరవాలేదు. పది దాటితే అధ్వాన్నం. మన వుదాహరణ బ్లాకుకు 60 లక్షల మరమ్మతులు తేలితే నాలుగున్నర శాతం. కోటీ ఇరవై లక్షలు తేలితే తొమ్మిది శాతం. రెండు కోట్లు తేలితే పదిహేను. ఇలా ప్రతి బ్లాకుకూ ఒక అంకె రాసి పక్కపక్కన పెడితే ముందు ఎక్కడ డబ్బు పెట్టాలో ఎవరి సిఫారసూ అక్కరలేకుండా తెలుస్తుంది.

డబ్బున్న దేశాలూ ఈ అప్పులో పడ్డవే. అమెరికా కళాశాలల్లో వాయిదా పడిన మరమ్మతులు ఆరు వేల కోట్ల డాలర్లకు చేరాయనీ, అందులో రెండు వేల కోట్ల డాలర్ల పనులు తక్షణం చేయవలసినవనీ 1989లో అక్కడి నివేదిక ఒకటి తేల్చింది. అక్కడా కారణం ఒకటే. కొత్త భవనానికి శిలాఫలకం వుంటుంది. పాత భవనానికి వాన గొట్టం మార్పిస్తే శిలాఫలకం వుండదు.

మన దగ్గర విశ్వవిద్యాలయాలకు వచ్చే బ్లాక్ గ్రాంటులో జీతభత్యాలదే పెద్ద భాగం. 2013లో వచ్చిన రూసా పథకం మౌలిక వసతుల గ్రాంటులో 35 శాతం కొత్త కట్టడాలకు, 35 శాతం పాతవాటి పునరుద్ధరణకు, మిగతాది పరికరాలకు అని విడదీసింది. పాత భవనానికి విడిగా వాటా రాసిపెట్టాలన్న ఆ ఆలోచన మంచిది. అయితే పథకం ఎప్పుడో ఒకసారి వస్తుంది. వాన ఏటా వస్తుంది.

ఆయుష్షు సంగతికి వస్తే, కాంక్రీటు ఫ్రేముతో కట్టిన భవనానికి 75 ఏళ్లు, గోడల మీద బరువు నిలిచే భవనానికి 55 ఏళ్లు అని కేంద్ర ప్రజాపనుల శాఖ లెక్క. ఏటేటా మరమ్మతు చేస్తేనే ఆ లెక్క. కాబట్టి యాభై ఏళ్ల ఫ్రేము భవనం కూల్చదగినదే అని ముందే తీర్పు చెప్పటం తొందరపాటు. మరమ్మతు ఖర్చు కొత్త కట్టడపు ఖర్చులో సగం దాకా వస్తే అప్పుడు ఆలోచించాలి. పరీక్షలు చేయకుండా కూల్చటం దుబారా. పరీక్షలు చేయకుండా వుంచటం ప్రమాదం.

వుండేవారికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

శ్లాబు ఎక్కడ కారుతుందో ఇంజనీరు కన్నా ముందు బకెట్టు పెట్టుకున్న విద్యార్థికి తెలుసు. ఏ స్విచ్ ముట్టుకుంటే షాకు కొడుతుందో ఆ అంతస్తులో అందరికీ తెలుసు. ఏ పంపు రాత్రంతా కారుతుందో వాచ్‌మన్‌కు తెలుసు. తనిఖీ బృందం మధ్యాహ్నం పూట వచ్చి తాళాలు వేసిన గదుల ముందు నుంచి నడిచిపోతే ఇవేవీ కాగితంలోకి ఎక్కవు.

కరెంటు సంగతి ప్రత్యేకంగా చూడాలి. నలభై ఏళ్ల క్రితం గదికి ఒక ఫ్యాను, ఒక బల్బు వుంటుందని వైరింగు చేశారు. ఈనాడు అదే గదిలో నాలుగు సెల్‌ఫోను ఛార్జర్లు, రెండు ల్యాప్‌టాపులు, చలికాలంలో నీళ్లు కాచుకునే హీటరు. పాత వైరు వేడెక్కుతుంది. తడి గోడలో నుంచి పోయే వైరయితే ఇంకా ముప్పు. శ్లాబుకు కోటి పెట్టి వైరింగును వదిలేసిన మరమ్మతు సగం మరమ్మతే. ఎర్తింగు, తేడా రాగానే కరెంటు కట్ చేసే బ్రేకర్లు ఎస్టిమేటులో వుండాలి.

మరుగుదొడ్ల విషయమూ అంతే. హాస్టళ్లలో మగవారికి ఎనిమిది మందికి ఒకటి, ఆడవారికి ఆరుగురికి ఒకటి చొప్పున వుండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఇద్దరి కోసం కట్టిన గదిలో నలుగురు వున్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది. వాడకం రెట్టింపయితే పైపులు, గొట్టాలు, సెప్టిక్ ట్యాంకు అన్నీ సగం కాలానికే అరుగుతాయి. కాబట్టి గదులు ఎన్ని అని కాదు, మనుషులు ఎందరు అని చూసి ఖర్చు కట్టాలి.

ప్రతి అంతస్తుకూ ఒక పుస్తకం పెట్టి, తేదీ వేసి ఫిర్యాదు రాయించి, పని అయిన రోజున విద్యార్థి చేత సంతకం పెట్టిస్తే ఏడాది చివర ఆ పుస్తకమే సగం ఎస్టిమేటు. ఏ పని ఎన్నిసార్లు చేశారో, ఏ కారుడు ఎన్నేళ్లుగా వుందో అందులోనే తేలుతుంది.

ఏ నెలలో ఏ పని

పొలానికి పంచాంగం వున్నట్టే హాస్టలుకూ వుండాలి. జూన్ రాకముందే వాన గొట్టాలు, పైకప్పు శుభ్రం చేయించాలి. ఆగస్టు, సెప్టెంబరులో వాన పడుతుండగానే కారే చోట్లు గుర్తించాలి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బెజవాడ, మంగళగిరి ప్రాంతాలను ముంచెత్తిన వాన వంటిది పడ్డప్పుడు నీరు ఎక్కడెక్కడ నిలిచిందో గోడ మీద గీత గీసి వుంచాలి. అక్టోబరు, నవంబరులో గదులు విప్పి చూసి ఎస్టిమేటు రాయాలి. జనవరికి మంజూరు, మార్చికి టెండరు పూర్తయితే ఏప్రిల్ చివరలో పిల్లలు ఇళ్లకు పోగానే మేస్త్రీలు దిగవచ్చు. ఎండల్లో నేల నెర్రెలు చూసి పగుళ్ల కొలతలు తీసుకోవటం కూడా అప్పుడే. ఈ వరసలో ఒక్క నెల జారినా ఆ ఏటి వేసవి పోయినట్టే.

చివరగా ఒక మాట. ఏ బ్లాకు ఏ స్థితిలో వుంది, ఎంత ఖర్చవుతుంది, ఎంత మంజూరయింది, ఎంత పని అయింది - ఈ నాలుగు అంకెలూ హాస్టలు గుమ్మంలో బోర్డు మీద రాయాలి. దానికి డబ్బా రంగు, ఒక బ్రష్షు చాలు. కొడుకునో, కూతురునో చేర్పించటానికి వచ్చిన తండ్రి ఆ బోర్డు చదివి, పైకప్పు వంక చూసి, ధైర్యంగా బస్సెక్కి వెళ్లగలగాలి. సంబంధిత అధికారులు ఈ వానాకాలంలోనే మొదటి తనిఖీ మొదలుపెడితే వచ్చే వేసవి చేజారదు.